థండర్‌బర్డ్ కొనాలంటే పొద్దున్నే వెళ్ళాలి

థండర్‌బర్డ్ 350 అమ్మకానికి పెట్టిన ప్రకటనలు చదువుతుంటే దాదాపు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. "సింగిల్ ఓనర్, 14,000 మాత్రమే తిరిగింది, షోరూం కండిషన్, 40 వేల ఎక్స్‌ట్రా ఫిట్టింగ్స్." దాని కిందే ఇంకొకటి కనిపిస్తుంది. "48,000 తిరిగింది, కంపెనీ సైలెన్సర్, కంపెనీ హ్యాండిల్, సర్వీస్ బిల్లులు ఉన్నాయి." రెండూ 2016 మోడలే అనుకుందాం. మొదటి బండికి ఎక్కువ అడుగుతారు, అదే ముందు అమ్ముడుపోతుంది కూడా. నా దృష్టిలో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. రెండో బండికే ఎక్కువ ఇవ్వాలి. మొదటిదాన్ని కొనాలనిపిస్తే బాగా తగ్గించి అడగాలి. ఎందుకో ఆ బండి లోపల జరిగే పనిని బట్టే చెప్తాను.

ముందు బండి గురించి నాలుగు మాటలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ మొదట 2002లో వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 2012లో మార్చిన మోడల్ బండ్లు: 20 లీటర్ల ట్యాంకు, ప్రొజెక్టర్ హెడ్‌లైటు, వెనక ఎల్ఈడీ లైటు, రెండు చక్రాలకూ డిస్కు, ఎత్తైన హ్యాండిల్, వెనక కూర్చున్నవాళ్ళకు ఆనుకోడానికి బ్యాక్ రెస్ట్. 2018లో అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లతో థండర్‌బర్డ్ ఎక్స్ వచ్చింది. 2020లో పొగ కాలుష్యంపై బీఎస్6 నిబంధనలు రావడంతో థండర్‌బర్డ్ ఆగిపోయింది, ఆ ఏడాది నవంబరులో దాని స్థానంలో మీటియర్ 350 వచ్చింది. ఇంజిన్ 346 సీసీ, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90. స్ట్రోక్ అంత పొడుగు కాబట్టే ఆ నింపాది లాగుడు. 19.8 హార్స్‌పవర్, 4,000 ఆర్‌పీఎం దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్క్. గంటకు 80 మీద హాయిగా పోతుంది, 90 దాటితే హ్యాండిల్, ఫుట్‌రెస్టులు వణుకుతాయి. ఆ వణుకు బండి గుణం. దాన్ని పోగొడతానని ఎవరైనా మెకానిక్ మాటిస్తే డబ్బులివ్వకండి.

ఇప్పుడు ఆ 14,000 సంగతి. తొమ్మిదేళ్ళలో 14,000 అంటే ఏడాదికి సుమారు 1,550 కిలోమీటర్లు, రోజుకు నాలుగున్నర కూడా లేదు. అలాంటి బండి రెండు రకాలుగా బతికి ఉంటుంది. నెలల తరబడి కవరు కింద నిలబడి ఉండాలి, లేదా రోజూ పాల ప్యాకెట్‌కీ కూరగాయలకీ వెళ్ళొచ్చి ఉండాలి. రెండూ ఇంజిన్‌కి మంచివి కావు. నాలుగు కిలోమీటర్లలో ఈ ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజిన్లో పట్టిన చెమ్మ ఆవిరై బయటికి పోదు, ఆయిల్లోనే కలుస్తుంది. ఆయిల్ ఫిల్లర్ మూత విప్పితే లోపలివైపు లేత గోధుమ రంగు మీగడలా అంటుకుని కనిపిస్తుంది. కిలోమీటర్లు తక్కువే కదా అని ఆయిల్ రెండు మూడేళ్ళు మార్చకుండా వదిలేసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

నిలబడిన బండిలో పెట్రోల్ కూడా చెడుతుంది. 350 చివరిదాకా కార్బురేటర్ బండే. ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, అది వెళ్ళి ఐడ్లింగ్‌లో పెట్రోల్ అందించే పైలట్ జెట్ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. బండి స్టార్ట్ అవుతుంది గానీ ఐడ్లింగ్‌లో నిలబడదు, చోక్ వేసి ఉంచితేనే బతుకుతుంది. అమ్మేవాళ్ళు దీనికి చేసే చిట్కా ఐడ్లింగ్ స్క్రూ పెంచేయడం. వేడెక్కిన బండి నిలబడి 1,500 దగ్గర హోరెత్తుతుంటే కారణం అదే. ఇంకొకటి, ఈ కార్బురేటర్లో స్లయిడ్‌ని పైకి లేపేది పలచటి రబ్బరు డయాఫ్రం. అది ఎండి చిన్న చిరుగు పడితే సగం థ్రాటిల్ దాకా బాగానే పోయి, ఆ పైన ఎంత తిప్పినా ఊపిరందనట్టు ఉండిపోతుంది. ఊళ్ళో సందుల్లో టెస్ట్ రైడ్ చేస్తే ఇది బయటపడదు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో థ్రాటిల్ పూర్తిగా తిప్పి చూడాలి.

20 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉంటే మిగతా సగం గాలి, గాలితోపాటు తేమ. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలలపాటు కదలకపోతే ఆ నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది, ట్యాంకు లోపల అడుగున తుప్పు మొదలవుతుంది. ట్యాంకు మూత తీసి సెల్‌ఫోన్ టార్చితో లోపలికి చూడండి. పైభాగం మెరుస్తూ ఉండి, కింద మూలల్లో ఎర్రటి పొడి కనిపిస్తే బండి నిలబడే ఉందన్నమాట. విశాఖలోనో కాకినాడలోనో సముద్రగాలికి ఉన్న బండైతే రిమ్ముల లోపలి అంచులూ స్పోక్ నిప్పుల్స్ కూడా చూడాలి. పైపైన క్రోమ్ పాలిష్ పట్టించినా నిప్పుల్ చుట్టూ ఉన్న తుప్పు దొరికిపోతుంది.

ఇవన్నీ బాగు చేసుకోగలిగినవే. నిలబడిన బండి చేసే అసలు నష్టం బ్యాటరీతో మొదలై స్ప్రాగ్ క్లచ్ దగ్గర తేలుతుంది. ఈ బండ్ల గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

సెల్ఫ్ బటన్ నొక్కినప్పుడు స్టార్టర్ మోటారు తిరిగి, ఒక పళ్ళచక్రం ద్వారా క్రాంకును తిప్పుతుంది. ఇంజిన్ అందుకున్నాక క్రాంకు వేగం మోటారు కన్నా ఎక్కువ కాబట్టి ఆ లంకె తెగిపోవాలి. ఒకవైపు తిరిగితే పట్టుకుని, రెండోవైపు వదిలేసే ఈ పని చేసేదే స్ప్రాగ్ క్లచ్. ఎడమవైపు ప్రైమరీ కవర్ లోపల, కరెంటు పుట్టించే రోటర్ వెనక ఉంటుంది. రెండు ఉక్కు రింగుల మధ్య వేలిగోరంత ముక్కలు వరసగా, కొంచెం వాలుగా నిలబడి ఉంటాయి. ఒకవైపు తోస్తే అవి నిటారుగా లేచి రెండు రింగులనూ బిగించి పట్టేస్తాయి, ఇంకోవైపు తోస్తే వాలిపోయి జారనిస్తాయి. పట్టు అంతా ఆ ముక్కల అంచుల్లోనే ఉంది. బ్యాటరీ బలంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. నీరసంగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ కంప్రెషన్ శిఖరం దాటలేక దగ్గర్లో తారాడుతుంది. సరిగ్గా అప్పుడు ప్లగ్గు మండితే పిస్టన్ వెనక్కి తన్నుతుంది. క్రాంకు ఎదురు తిరగబోతుంది, ఇటు మోటారు ముందుకు తోస్తూనే ఉంటుంది, మధ్యలో బిగుసుకున్న ఆ చిన్న ముక్కల మీద మొత్తం దెబ్బ పడుతుంది. ఖణేల్‌మని ఇనుము కొట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది. ఇలా పదిసార్లు జరిగితే అంచులు అరిగి, పట్టు జారి, సెల్ఫ్ నొక్కినా మోటారు గుయ్‌మని ఊరికే తిరుగుతుంది, ఇంజిన్ కదలదు.

కిక్ రాడ్ ఉంది కదా అని చాలామంది అలాగే నడుపుతారు, అలాగే అమ్మేస్తారు. "సెల్ఫ్ చిన్న ప్రాబ్లం, బ్యాటరీ మారిస్తే సరిపోతుంది" అంటారు. సరిపోదు. ప్రైమరీ కవర్ విప్పాలి, ఆయిల్ దించాలి, రోటర్‌ని దానికి తగిన పుల్లర్‌తో లాగాలి, స్ప్రాగ్‌తోపాటు అది కూర్చునే పళ్ళచక్రం మీద గీతలు పడి ఉంటే అదీ మార్చాలి. ఈ బండి మీద పెట్టే ఖర్చుల్లో పెద్దవాటిలో ఇదొకటి. అందుకే సెల్ఫ్ పనిచేయని థండర్‌బర్డ్‌కి స్ప్రాగ్ పోయిందనే లెక్కగట్టి బేరం ఆడండి. ఒకవేళ నిజంగా బ్యాటరీదే తప్పయితే మీకు లాభం.

బ్యాటరీ ఎందుకు నీరసిస్తుంది? ఒకటి, నిలబడి ఉండటం. రెండోది, ఆ ప్రకటనలో గొప్పగా రాసిన 40 వేల ఎక్స్‌ట్రా ఫిట్టింగ్స్.

లెక్క చూడండి. ఈ బండి బ్యాటరీ 12 వోల్టులు, 14 ఆంపియర్ అవర్లు. తాళం తీసేసినా కరెంటు లాగే ఒక జీపీఎస్ ట్రాకరో చవకరకం యూఎస్‌బీ చార్జరో నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే, అది 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. పన్నెండు రోజులు నిలబెడితే కొత్త బ్యాటరీ కూడా ఖాళీ. పాత బ్యాటరీ ఒక వారంలోనే సెల్ఫ్‌కి చాలనంత దిగిపోతుంది. ఓనరు ఆదివారం వచ్చి బటన్ నొక్కుతాడు, నొక్కి పట్టుకుంటాడు, మళ్ళీ నొక్కుతాడు. స్ప్రాగ్ చచ్చేది అక్కడే. తక్కువ తిరగడమూ ఎక్కువ ఫిట్టింగ్సూ ఒకే బండిలో ఉంటే ఆ బండిని నేను అనుమానంగా చూసేది ఇందుకే. అమ్మేవారికి గొప్పగా అనిపించే ఈ రెండూ కలిసి ఇంజిన్ మీద పడతాయి.

అదనపు లైట్లు ఇంకో సమస్య. 55 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైమాటే. విడిగా రిలే, ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగితే ఏ బాధా లేదు. కానీ చేసేదేమిటంటే హెడ్‌లైటు వైరు మీద పొర గీకి, కొత్త వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేస్తారు. ఆ భారమంతా హ్యాండిల్ మీది చిన్న స్విచ్చు గుండా పోతుంది. మే నెల ఎండకు టేపు జిగురు కారిపోయి వైరు బయటపడుతుంది. ఫ్యూజు పదేపదే కాలిపోతుంటే దాని చోట పెద్దది పెడతారు. కాబట్టి కొనేముందు సైడ్ ప్యానెల్ తీసి ఫ్యూజు డబ్బా చూడండి. 15 అని రాసి ఉన్న గూట్లో 30 ఫ్యూజు గానీ మెలిపెట్టిన రాగి తీగ గానీ ఉంటే వైరింగ్ కిట్ మొత్తం మార్చే ఖర్చు పక్కన పెట్టుకోవాలి. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ హారన్, ఇండికేటర్లు, హెడ్‌లైటు వేసి చూడండి. ఎక్కడైనా లైటు ఆరితే ఫ్రేమ్ మెడ దగ్గర వైరు లోపల తెగుతోందని అర్థం. హ్యాండిల్ మార్చి ఇంకా ఎత్తైనది వేసిన బండ్లలో ఇది మామూలు, అసలు వైరు పొడవు చాలక లాగి కట్టేస్తారు కాబట్టి.

సైలెన్సర్ గురించి గట్టిగానే చెప్తాను. డుగు డుగు శబ్దం కోసం మార్చిన సైలెన్సర్ ఉన్న బండిని, కంపెనీ సైలెన్సర్ ఇంట్లో భద్రంగా ఉండి అది కూడా ఇస్తేనే కొనండి. లోపల అడ్డు లేని గొట్టం పెట్టి, జెట్టింగ్ (కార్బురేటర్లో పెట్రోల్ కొలత) మాత్రం అలాగే వదిలేస్తే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైన మిశ్రమంతో ఇంజిన్ నడుస్తుంది. థ్రాటిల్ వదిలినప్పుడు టప్ టప్‌మని పేలుతుంది. దాన్నే కొందరు ముచ్చటగా వింటారు. ఆ వేడి ఎగ్జాస్ట్ వాల్వు మీద పడుతుంది. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే బెండ్ పైపు నీలం, ఊదా రంగుల్లోకి తిరగడం దానికి గుర్తు. చట్టం సంగతి వేరే. ఇలాంటి శబ్దానికి మోటారు వాహనాల చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది, హైదరాబాదులోనూ విశాఖలోనూ పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించారు. అమ్మినాయనకి అది ఫిట్టింగ్, మీకు చలానా.

ఇక అవతలి వాదన. 48,000 తిరిగిన బండిలో అరుగుదల ఉండదా అంటారు. ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. కానీ ఆ అరుగుదల ఎక్కడెక్కడో ముందే తెలుసు, చేత్తో పట్టుకుని చూడొచ్చు, ఏ ఊళ్ళోనైనా పార్టు దొరుకుతుంది.

చైన్ కిట్: వెనక స్ప్రాకెట్ మీద చైను చుట్టుకున్న చోట, చక్రానికి సరిగ్గా వెనక కొసన, చైను లింకును వేళ్ళతో పట్టి వెనక్కి లాగండి. పన్నులో సగం బయటపడితే కిట్ అయిపోయింది. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు): సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా తిప్పండి. నడిమధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి. అలాగే ఫోర్కుల కింది భాగం పట్టి ముందుకు వెనక్కి ఊపితే టక్ టక్‌మనకూడదు. వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ బుష్‌ల సంగతి తెలుస్తుంది. నడుపుతూ థ్రాటిల్ ఒకసారి వదిలి, మళ్ళీ ఇచ్చినప్పుడు వెనక నుంచి ఠక్కున కుదుపు వస్తే హబ్‌లోని రబ్బర్లు అరిగాయి, పెద్ద ఖర్చేం కాదు. క్లచ్‌కి, నాలుగో గేరులో 40 మీద పోతూ థ్రాటిల్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి.

వీటన్నిటి ఖర్చూ మీ ఊరి స్పేర్ పార్ట్స్ షాపులో ఒక్క ఫోన్ కాల్‌తో తెలుస్తుంది. కాగితం మీద రాసుకుని, అడిగిన ధరలోంచి తీసేయండి. నిలబడి, చేతులు మారి, వైర్లు గీకించుకున్న బండికి ఇలాంటి లెక్క రాయడం కుదరదు. అందుకే 48,000 బండి మేలు.

పైగా మీటరును అంతగా నమ్మనక్కర్లేదు. కార్బురేటర్ బండికి కిలోమీటర్లను ఇంకోచోట దాచిపెట్టుకునే కంప్యూటర్ లేదు. మీటరు మారిస్తే లెక్క మళ్ళీ మొదలు. నిజం చెప్పేవి వేరే ఉన్నాయి. 14,000 తిరిగిందన్న బండికి గేర్ లివర్ రబ్బరు నున్నగా అరిగి ఉందా? బ్రేక్ డిస్కు మీద గోరు ఆనిస్తే అంచు దగ్గర గట్టులా తగులుతోందా? టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. 2016 బండికి 14,000లోనే టైర్లు మారి ఉంటే ఎందుకని అడగండి. మారకుండా అవే ఉన్నా కొనగానే మార్చాల్సిందే, తొమ్మిదేళ్ళ రబ్బరు తడిరోడ్డు మీద పట్టదు.

పడిన బండో కాదో తెలియడానికి నేను ఎక్కువగా నమ్మేది రెండు దారాలు. ముందు టైరు వెడల్పు 90 మిల్లీమీటర్లు, వెనకది 120. ఒక పొడుగాటి దారం వెనక టైరుకు ముందూ వెనకా రెండు అంచులూ ఆనేలా, స్టాండుకు తగలని ఎత్తులో, ముందు చక్రం దాకా బిగించి పట్టండి. రెండోపక్క కూడా అలాగే. హ్యాండిల్ తిన్నగా ఉంచితే ముందు టైరుకు రెండుపక్కలా సుమారు 15 మిల్లీమీటర్ల ఖాళీ రావాలి. ఒకపక్క 8, ఇంకోపక్క 22 ఉంటే వెనక చక్రాన్ని చైన్ అడ్జస్టర్ గీతల ప్రకారం సరిచేసి మళ్ళీ కొలవండి. అయినా తేడా అలాగే ఉంటే ఫోర్కో ఫ్రేమో వంగింది, ఆ బండి వద్దు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేముకు ఆనే చిన్న ఇనుప దిమ్మ కూడా చూడండి. అది నొక్కుకుపోయో పెచ్చు లేచో ఉంటే ముందునుంచి గట్టి దెబ్బ తగిలినట్టు.

పొద్దున్నే ఎందుకు వెళ్ళాలంటే, చూడాల్సింది చల్లటి ఇంజిన్‌ని. దాని దగ్గరికి వద్దాం. ఫోన్లోనే చెప్పేయండి: "అన్నా, పొద్దున ఏడింటికి వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." వెళ్ళగానే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. మర్యాదగా ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయొచ్చు.

చల్లగా ఉంటే, ఇగ్నిషన్ వేయకుండా ముందు కిక్ రాడ్‌ని కాలితో మెల్లగా నొక్కండి. కంప్రెషన్ తగిలిన చోట అది మీ బరువును ఒకటి రెండు సెకన్లు మోయాలి. మెత్తగా దిగిపోతే రింగులో వాల్వులో అరిగి ఉండొచ్చు. ఇప్పుడు చోక్ వేసి సెల్ఫ్ కొట్టండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీకి తగిలించి చూడండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 చుట్టుపక్కల ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కిందికి దిగకూడదు, స్టార్టయి కొంచెం రేజ్ చేస్తే 13.8కీ 14.5కీ మధ్య చూపాలి. స్టార్టయిన మొదటి కొన్ని సెకన్లు పైనుంచి టిక్ టిక్‌మని ట్యాపెట్ చప్పుడు వస్తే కంగారు పడొద్దు. వాల్వులను కదిలించే ఈ ట్యాపెట్లు హైడ్రాలిక్ రకం, అంటే ఆయిల్ నిండి పనిచేసేవి, రాత్రంతా దిగిపోయిన ఆయిల్ మళ్ళీ నిండేదాకా ఆ చప్పుడు ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతేనే అనుమానించాలి. "ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తే పోతుంది" అన్నారంటే ఆ మెకానిక్‌కి ఈ ఇంజిన్ తెలియదు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఆ సెట్టింగ్ ఉంది, ఈ ఇంజిన్‌కి తిప్పడానికి స్క్రూయే లేదు.

పొగ చూడండి. స్టార్టయిన వెంటనే ఒక్క బుస్సున నీలం పొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్ళు. థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, అంటే బోర్ పని. చలికాలంలో మొదట వచ్చే తెల్లటి ఆవిరి ఏం కాదు.

ఈ ఇంజిన్‌కి ప్లగ్గులు రెండు. అందులో ఒకటి చచ్చినా బండి నడుస్తూనే ఉంటుంది, లాగుడు తగ్గి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అంతే. చాలామంది ఓనర్లకు ఆ సంగతే తెలియదు. ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు క్యాప్ తీయండి. ఆ క్యాప్‌కి ఒక పాత ప్లగ్గు తొడిగి ఇంజిన్ రెక్కకు ఆనించి కట్టండి, గాలికి వదిలేస్తే కాయిల్ పాడవుతుంది. స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ కొంచెం దిగాలి. రెండోవైపూ అలాగే చేయండి. ఒకవైపు తీసినా తేడా లేకపోతే ఆ వైపు ప్లగ్గు ముందునుంచీ పనిచేయడం లేదు. రెండోవైపు తీస్తే బండి ఆగిపోతుంది.

పావుగంట నడిపి తెచ్చి, సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద పాత న్యూస్‌పేపర్ పరిచి టీ తాగండి. ముందు స్ప్రాకెట్ వెనక ఉండే సీల్ నుంచీ గేర్ షాఫ్ట్ సీల్ నుంచీ ఆయిల్ చెమర్చడం ఈ బండ్లకు మామూలే. చెమ్మ పర్వాలేదు, చుక్క పడితే సీల్ మార్చాలి. కడిగి తెచ్చిన ఇంజిన్ పేపరు ముందు దొరికిపోతుంది. ఆ టీ అయ్యేసరికి ఆయిల్ కిందికి దిగుతుంది, కుడివైపు అద్దంలో మట్టం చూడొచ్చు. నల్లగా ఉంటే ఫర్వాలేదు. పాలు కలిసినట్టు ఉంటే నీరు చేరింది.

ఆ పాల రంగు ఆయిల్ కనిపిస్తే వరద గురించి ఆలోచించండి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో, అవే రోజుల్లో మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఇళ్ళముందు నిలబెట్టిన బండ్లు సీటు దాకా మునిగాయి. అవి బాగుచేయించుకుని తిరుగుతున్నాయి, చేతులు మారుతున్నాయి. ఓనర్ల తప్పేం లేదు, కానీ ఆ సంగతి చెప్పి అమ్మాలి. పైకి కడిగినా బురద దాక్కునే చోట్లు కొన్నున్నాయి. హెడ్‌లైటు స్క్రూలు విప్పి గిన్నె లోపల చూడండి, వైర్ల జాయింట్ల మధ్య సన్నటి ఒండ్రు పొర ఉంటుంది. సీటు తీసి కనెక్టర్లు లాగి చూడండి, పిన్నుల మీద పచ్చగా చిలుము ఉంటే మునిగిన బండే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున వేలు పెట్టి రుద్ది చూడండి. సీటు స్పాంజిని నొక్కి వాసన చూడండి. మునిగిన బండి వైరింగ్ ఒకేసారి పోదు. ఆరునెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి పోతుంటాయి. ఎంత తక్కువకు ఇచ్చినా నేను వద్దనే అంటాను.

ఏ సంవత్సరం మోడల్ తీసుకోవాలని అడిగితే, 2018 చివర నుంచి 2020 మొదటిదాకా వచ్చిన, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండి అంటాను. కీ వేయగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలి కొంచెం వేగం అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోతే లైటు తీసేశారని అనుమానించండి. థండర్‌బర్డ్ 500 బండి 27.2 హార్స్‌పవర్‌తో ఇంకా హాయిగా లాగుతుంది గానీ అది కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండి. సెన్సర్లు, పెట్రోల్ పంపు తెలిసిన మెకానిక్ మీ ఊళ్ళో ఉంటేనే దాని జోలికి వెళ్ళండి. వణుకే వద్దనుకుంటే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్న మీటియర్ 350 చూడండి. 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ మధ్య తయారైన మీటియర్లను ఇగ్నిషన్ కాయిల్ లోపంతో కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ నెలల బండైతే కాయిల్ పరీక్షించినట్టో మార్చినట్టో సర్వీస్ కాగితం అడగండి. మీటియర్‌కి కిక్ ఉండదు, కాబట్టి దానికి బ్యాటరీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

కాగితాల దగ్గర తొందర పడొద్దు. ఫ్రేమ్ మెడ మీద చెక్కిన ఛాసిస్ నంబరూ, ఇంజిన్ కేసింగ్ మీది నంబరూ ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అప్పు తీరినట్టు చూపే ఫారం 35 చేతికొచ్చేదాకా అడ్వాన్సు మించి ఇవ్వకండి. చలానాలు బండి నంబరు కొట్టి మీరే చూడండి. ఆంధ్ర బండి తెలంగాణకో తెలంగాణ బండి ఆంధ్రకో తెస్తే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. ఆ మొత్తం తెలుసుకున్నాకే ధర మాట్లాడండి. 2012 బండి ఆర్‌సీ గడువు 15 ఏళ్ళకు, అంటే 2027లో ముగుస్తుంది, రెన్యువల్ ఖర్చు మీ మీదే పడుతుంది.

అమ్మేవాళ్ళకూ ఒక మాట. బండి పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి "ఆయనే మార్పించుకుంటాడు" అని వదిలేయకండి. 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారమూ వాళ్ళదే, బండి ఎన్ని చేతులు మారినా సరే. కొన్నవాళ్ళు ఇన్సూరెన్సును 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే వస్తుంది, సొంత బండికి నష్టం జరిగినప్పుడు వచ్చే డబ్బు మాత్రం పేరు మారితేనే. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, బండిది కాదు, మనిషిది. అమ్మేటప్పుడు అది మీతోనే తీసుకెళ్ళండి.

ప్రకటనలో "షోరూం కండిషన్" అనే మాట తీసేసి ఇవి రాయండి: చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో. టైర్ల మీద నాలుగంకెలు. బ్యాటరీ కొన్న నెల. చైన్ కిట్ ఎప్పుడు వేయించారో. కంపెనీ సైలెన్సర్ ఉందో లేదో. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున సెల్ఫ్ అందుకునే వీడియో ఒకటి, కోతల్లేకుండా, ఇంజిన్ మీద చెయ్యి పెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి తీయండి. అలాంటి ప్రకటన పెట్టినవాళ్ళ బండికి అడిగిన ధర ఇవ్వొచ్చు.